ఒంటిపొర అట్టలు

ఒక అబద్ధాన్ని నలభై ఏళ్లకు పైగా మోశాను. మోశాను అంటే బరువుతో వంగిపోయి తిరిగాననుకోకండి. నిటారుగానే తిరిగాను. వేదికలెక్కాను. దండలు వేయించుకున్నాను. బరువు తెలిసేది ఒంటరిగా ఉన్నప్పుడే, అదీ ఏ స్నానం చేస్తూనో, బస్సులో కిటికీ పక్కన కూర్చునో. హఠాత్తుగా గుండె ఒక్కసారి జారేది. అంతలో సర్దుకునేవాణ్ణి.

ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. నాతో పనిచేసినవాళ్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఇది రాస్తుంటే ఏదోలా ఉంది. భయమా? కాదు. పరీక్ష రాసి బయటికొచ్చిన కుర్రాడికి ఉంటుందే, అలాంటిది.

నేను విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. నా పరిశోధన సూర్యుడి మీద. మాది కృష్ణా తీరం. ఉద్యోగం మాత్రం తెలంగాణలో. ఆ రోజుల్లో మా పెద్ద ప్రొఫెసర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. మనం చేసే పరిశోధన మనలో మనమే చదువుకుని మనలో మనమే మెచ్చుకుంటున్నాం, ఊళ్లకు వెళ్లి జనానికి చెబితే ఏం అన్నారు. పెద్ద సూర్యగ్రహణం రాబోతోంది. దాని పేరుతో మొదలుపెడదామన్నారు. ఎవరు ఎక్కడికి వెళ్తారని అడిగితే అందరూ దగ్గర ఊళ్ల పేర్లు చెప్పారు. నేను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అన్నాను.

గది నిశ్శబ్దమైంది. అది కల్లోలిత ప్రాంతమని ప్రభుత్వం ప్రకటించిన కాలం. నలుగురు ఒకచోట చేరితే పోలీసులు వచ్చి ఎందుకని అడిగేవారు. అన్నలు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరి కొడుకు వాళ్లతో వెళ్లిపోయాడో జనం గొంతు తగ్గించి చెప్పుకునేవారు. అక్కడికి నేను వెళ్తానన్నాను. ధైర్యంతోనా? నా మాట విని ఆ గది నిశ్శబ్దమవుతుందని ముందే తెలుసు, దాని కోసమా? ఇప్పుడు అడుగుతున్నాను గానీ అప్పుడు అడగలేదు.

కోరుట్లలో నాకు తోడు దొరికినాయన మొయిన్ సార్. బడిలో లెక్కలు చెప్పేవారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. నా పుస్తకాల తెలుగు జనానికి సగమే ఎక్కుతోందని గ్రహించి, నేను ఒక మాట చెప్పగానే దాన్ని వాళ్ల మాటలోకి తిప్పి చెప్పేవారు. ఆయన తిప్పాక నా మాట నాకే కొత్తగా వినిపించేది. అనుమతులు తెచ్చింది ఆయనే. పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగి, సూర్యుడు ఏ పార్టీలోనూ లేడని హామీ ఇచ్చి తెచ్చారు.

జగిత్యాలలో మొదటి ఉపన్యాసం. ముందు వరుసలో ఎస్సై, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. గోడకు కట్టిన దుప్పటి మీద స్లైడు మెషీన్‌తో సూర్యుడి బొమ్మ వేశాను. ప్రత్యేకమైన గాజు గుండా తీసిన ఫొటో అది, మొత్తం ఎర్రగా ఉంటుంది. ఎస్సై లేచి నిలబడ్డాడు.

"సూర్యుడు గింత ఎర్రగెందుకున్నడు?"

హాలంతా ఊపిరి బిగబట్టింది. మొయిన్ సార్ ముందుకొచ్చి, "ఎస్సై సాబ్, పొద్దుందాక తెల్లగుండి మాపటికి గాయ్‌నే ఎర్రగైతడు. మేము చేసింది గాదు" అన్నారు. ముందు ఎస్సై నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. అంత భయం పట్టిన జనం అలా విరగబడి నవ్వడం! ఆ తర్వాత ఒకటే ప్రశ్నలు. సూర్యుడిలో నిప్పు ఎప్పుడు ఆరిపోతుంది? మచ్చలెందుకు ఉంటాయి? ఎస్సై కూడా అడిగాడు. మమ్మల్ని బస్టాండుదాకా నడిపించుకుంటూ వచ్చి మరీ అడిగాడు.

కోరుట్లలో బడి మైదానం చాలలేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఇచ్చారు. మగ్గాలు ఆపి, వాటి మధ్య సందుల్లో కూర్చుని, మగ్గాల మీదకెక్కి కూర్చుని విన్నారు. నేను తాగినవాడిలా ఉన్నాను. తరగతి గదిలో నా పిల్లలు ఆవలిస్తారే, అదే పాఠం ఇక్కడ జనం నోరు తెరుచుకుని వింటున్నారు! రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. ఇంకా ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, ఇదే ధ్యాస.

ఆ షెడ్డులోనే వెనక నుంచి ఒకామె లేచింది. కడుపుతో ఉంది. పేరు అనసూయ. మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని చేసేదట.

"సార్, గ్రహణం చూస్తే పుట్టేటోల్లకు మొర్రి అస్తదంటరు. నిజమేనా? నేను బయటికి రావచ్చునా?"

ఆడవాళ్లు కొందరు ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టబోయారు. ఆమె కూర్చోలేదు. నేను ఉత్సాహంతో ఊగిపోయాను. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదని, అది చంద్రుడి నీడ మాత్రమేనని చెప్పాను. అది నిజమే. ఆగి ఉంటే బాగుండేది. "రామ్మా, నువ్వే ముందు రావాలి. నేనే నీ చేతికి అట్ట ఇచ్చి చూపిస్తాను" అన్నాను. చప్పట్లు మోగాయి.

అట్ట అంటే చెప్పాలి. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కన్ను పోతుంది. అందుకని కడిగిన నల్ల ఫిల్మును రెండు పొరలుగా పేర్చి, చిన్న అట్ట చట్రంలో అంటించి తయారు చేశాం. రెండు పొరలు ఉండి తీరాలని మా ప్రొఫెసర్ గారు మాకు పదే పదే చెప్పారు. అట్టలు చాలకపోతే ఎవరికీ ఇవ్వొద్దు, చిన్న రంధ్రం గుండా సూర్యుడి బింబాన్ని బట్ట మీద పడనిచ్చి చూపించండి, అందులోనూ గ్రహణం చక్కగా కనపడుతుంది అన్నారు.

గ్రహణం రోజు ఆయనా మిగతావాళ్లూ సూర్యుడు పూర్తిగా కప్పబడే దక్షిణ జిల్లాలకు వెళ్లారు. సూర్యుడి మీద పనిచేసేవాడికి అది జీవితంలో ఒకసారి దొరికే అదృష్టం. నేను దాన్ని వదులుకుని, పాక్షికంగానే కనపడే సిరిసిల్లలో ఉండిపోయాను. ఆ త్యాగం తలచుకుని నాకు నేనే ఎంత మురిసిపోయానో!

కొద్దిమందే వస్తారనుకున్నాను. మధ్యాహ్నం దాటేసరికి వీధి వీధంతా వచ్చింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతూ ఉంటే ఆ ఊరికి అలవాటు లేని నిశ్శబ్దం కమ్మింది. తలుపులు మూసుకోవలసిన వేళ జనం చాపలు వేసుకుని షెడ్డు ముందు కూర్చున్నారు. మొయిన్ సార్ ముఖం వెలిగిపోతోంది.

"సాబ్, జర చూడున్రి! బజారంత గీడ్నే ఉన్నది!"

ఆయన బట్ట మీద బింబం చూపించడానికి ఒక గుంపును అటు తీసుకెళ్లారు. నా దగ్గర అట్టలు అయిపోవచ్చాయి. చేతులు చాస్తూనే ఉన్నారు. "సార్ నాకు, సార్ నాకు." ఇంకొన్ని ఉన్నాయని చెప్పి షెడ్డు లోపలికి వెళ్లాను. మిగిలిన అట్టలు విప్పాను. పొరను పొర నుంచి విడదీశాను. ఒకదాన్ని రెండు చేశాను.

ఎంత తేలికగా అయిపోయిందో. గోరుతో గీరితే ఊడి వచ్చింది.

ఒకటి కంటికి పెట్టుకుని చూశాను. వెలుగు పొడిచింది. తల తిప్పేశాను. అంటే నాకు తెలుసు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. తెలియక చేసిన పని కాదు. కొంచెంసేపే కదా చూస్తారు, సూర్యుడు సగం పైగా తగ్గిపోయాడు కదా, ఏమీ కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. లేక ఏమీ చెప్పుకోలేదా? బయట జనం కేకలు వేస్తున్నారు. ఖాళీ చేతులతో వాళ్ల ముందుకు వెళ్లడం నావల్ల కాలేదు. అంతే అయుంటుంది.

బయటికి వచ్చేసరికి అనసూయ వాళ్లింటి గుమ్మం దిగి వస్తోంది. వెనక నుంచి వాళ్లత్త పిలుస్తోంది. ఆమె వినడం లేదు. జనం దారి ఇచ్చారు. నా చేతిలో ఉన్నవన్నీ ఒంటిపొరవే. మంచిది ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని ఇవ్వవచ్చు. అడగలేదు. ఆమె చేతిలో ఒంటిపొర అట్ట పెట్టాను.

ఆమె చూసింది. అందరికంటే ఎక్కువసేపు చూసింది. తక్కినవాళ్లు ఒక్క క్షణం చూసి పక్కవాళ్లకు ఇచ్చేస్తున్నారు. ఆమె మాత్రం అట్ట అలాగే పట్టుకుని, అక్కడ లేని వాళ్లకు కూడా వినపడేటట్టు అరిచింది. "ఎవలో కొరికిన రొట్టె లెక్కున్నడు సార్! ఎంత మంచిగున్నడో!"

ఎండ ఇత్తడి రంగుకు తిరిగింది. చెట్టు ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకల్లా మారాయి. కోళ్లు గూళ్ల వైపు పరుగెత్తాయి. చల్లటి గాలి వీచింది. జనం ఈలలు వేశారు. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషమైన మధ్యాహ్నం మరొకటి లేదు. ఇప్పటికీ లేదు. దాన్ని నేనేం చేసుకోవాలి, చెప్పండి?

కొన్ని వారాలకు మొయిన్ సార్ బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వచ్చారు. నా గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాబ్, అనసూయకు కుడికన్ను ఖరాబైంది. ఎటు చూస్తే గటు నడిమిట్ల నల్లచుక్క గనపడ్తున్నదంట. కరీంనగర్ డాక్టరు సూర్యుణ్ణి చూసుట్ల కాలిందన్నడు. ఇగ తక్కువగాదంట. తెగిన పోగు అతుకుదామంటె పోగే కనపడ్తలేదంటున్నది."

నేను బల్ల మీద కాగితాలు సర్దాను.

"నాకొక్క మాట సాఫ్‌గ చెప్పున్రి. గా అట్టలల్ల ఏమన్న ఫరకున్నదా? ఉంటె ఉన్నదని చెప్పున్రి. నేనే పోయి జెప్త. మాతోని తప్పైందంట. గాళ్లు మంచోళ్లు, ఇంటరు."

ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నారు. నేను చేయవలసిందల్లా అందులోంచి నడవడం. ఉన్నది అనే ఒక్క మాట. కానీ నాకు కనపడింది వేరే. మా ప్రొఫెసర్ గారి ముఖం కనపడింది. నా ఉద్యోగం కనపడింది. ఇంక ఏ ఊరూ నన్ను పిలవదని కనపడింది.

"లేదండీ," అన్నాను. "అట్టలన్నీ ఒకటే. ఆమె అట్ట పక్కకు తీసి ఉత్త కంటితో చూసి ఉంటుంది. ఉత్సాహంలో అలా చేస్తారు."

"ఆమె తియ్యలేదనే అంటున్నది సాబ్."

"తీశానని ఎవరు ఒప్పుకుంటారు?"

ఆయన తల వంచుకున్నారు. నేను అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "మొయిన్ సార్, ఈ రోజుల్లో ఇలాంటిది పెద్దది చేస్తే మీకే ముప్పు. జనాన్ని పోగుచేసింది మీరేనని పోలీసుల దగ్గర సంతకం పెట్టారు. ఆలోచించుకోండి" అన్నాను. మృదువుగానే అన్నాను. మేలుకోరేవాడిలా అన్నాను. ఆ ప్రాంతంలో మనుషులను వణికిస్తున్న భయం ఉందే, దాన్ని తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన తల ఎత్తారు. "అచ్ఛా సాబ్" అని వెళ్లిపోయారు.

ఆయన నన్ను నమ్మారు. వెళ్లి వాళ్లింట్లో చెప్పారు. అట్టలు మంచివేనని, చూడటంలోనే పొరపాటు జరిగిందని. అనసూయ మాత్రం తను అట్ట తియ్యలేదనే అంది. ఆమె మాట ఎవరు వింటారు? ఒక పక్క పెద్ద చదువుల సారు, ఇంకో పక్క కండెలు చుట్టే కోడలు.

బిడ్డ పుట్టింది. ఏ లోపమూ లేకుండా పుట్టింది. ఆ కబురు కూడా మొయిన్ సారే పంపారు.

ఇప్పుడు అన్నింటికంటే సిగ్గుపడవలసింది చెబుతాను. ఆ తర్వాత రాష్ట్రమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాను. ప్రతి ఊళ్లోనూ అనసూయ కథ చెప్పాను. కడుపుతో ఉన్న నేతపని ఆడమనిషి గ్రహణాన్ని ఎదిరించి వీధిలోకి వచ్చిందని, పండంటి బిడ్డను కన్నదని. జనం పొంగిపోయేవారు. కన్ను సంగతి చెప్పేవాణ్ణి కాదు. మొదట్లో అక్కడికి వచ్చేసరికి గొంతు తడబడేది. కొన్నాళ్లకు అదీ పోయింది.

రిటైరై చాలా ఏళ్లయింది. ఈమధ్య జగిత్యాలలో ఒక సభ పెట్టి, విశ్వవిద్యాలయం వాళ్లు తమ పరిశోధనలను మామూలు జనానికి చెబుతారు, మీరే ప్రారంభించాలి అని పిలిచారు. ఒకప్పుడు ఎస్సై లేచి నిలబడ్డ ఊరు. వెళ్లాను. నిర్వాహకుడు నన్ను పరిచయం చేస్తూ అనసూయ కథే చెప్పాడు. నేనూ నవ్వుతూ తల ఊపాను. ఆ తర్వాత నీటి మీద పనిచేసే ఒక అమ్మాయి, విత్తనాల మీద పనిచేసే ఒక అబ్బాయి మాట్లాడారు. ఎంత బాగా మాట్లాడారో! ఆ అమ్మాయి ఒక ప్రశ్నకు, "అది మాకింకా తెలియదండీ" అంది. అలా అనడం అంత తేలికా?

సభ అయ్యాక ఒకామె నా దగ్గరికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. కళ్లు మెరుస్తున్నాయి.

"సార్, గా కడుపుల ఉన్నది నేనే! సరిత నా పేరు. ఈడ బడిల సైన్సు చెప్త. మీరు అస్తున్నరని తెల్సి సెలవు పెట్టచ్చిన." నా చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత, ఎలాంటి నింద లేకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అంది. "అన్నీ జెప్పిన్రు గని, మా అమ్మ కన్ను ముచ్చట చెప్పకపోతిరేంది సార్?"

"మీ అమ్మ ఉన్నారా?" అన్నాను.

"సిరిసిల్లలనే ఉన్నది. అప్పటి ఇల్లే."

"రేపు తీసుకెళ్తావా?"

మర్నాడు పొద్దున బస్సులో ఆమె తన బడి గురించి, పిల్లలకు చేయించే ప్రయోగాల గురించి దారంతా చెబుతూనే ఉంది. నేను వింటున్నాను. ఇంకాసేపట్లో ఈ మాటలన్నీ ఆగిపోతాయని వింటున్నాను.

అనసూయ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూడటానికి తల కొద్దిగా పక్కకు తిప్పింది. ఎడమకంటితో చూడటం అలవాటైనట్టుంది. "సారా? గింత ముసలోళ్లైన్రా!" అని నవ్వింది. కుర్చీ వేయించింది. చాయ్ పెట్టమని కూతురికి చెప్పింది.

చాయ్ వచ్చేలోపే చెప్పేశాను. అంతా చెప్పాను. విడదీసిన పొర, నా చేత్తో ఇచ్చిన అట్ట, మొయిన్ సార్‌తో ఆడిన అబద్ధం, ఆయనను బెదిరించిన మాట. సరిత గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది.

అనసూయ నోట మీరు పోయి నువ్వు వచ్చింది.

"నేను అట్ట తియ్యలేదని నాకెరుకనే గద. నాకు జెప్పుడెందుకు? నన్ను అబద్ధాలదానివన్నోల్లకు జెప్పు. మా అత్త సచ్చేదాంక నన్నదే అన్నది. ఆమెకెట్ల జెప్తవ్? మొయిన్ సార్ పాయె. ఆయనకెట్ల జెప్తవ్?"

ఆమె చేత్తో వీధి వైపు చూపించింది.

"గీ గల్లీల అప్పటోల్లు ఇంక ఉన్నరు. పో. చెప్పు."

లేచి వీధిలోకి వెళ్లాను. అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. సరిత వెళ్లి, "మా అమ్మ ముచ్చట, జర ఇనున్రి" అంది. అంతే అంది. చేటలు ఒళ్లోంచి దించి కొందరు దగ్గరికొచ్చారు. వేల మంది ముందు మాట్లాడినవాణ్ణి. ఆ పదిమంది ముందు మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అయినా చెప్పాను. ఉపన్యాసం చెప్పలేదు. ఏం చేశానో అది చెప్పాను. నా మాటను తిప్పి చెప్పడానికి పక్కన మొయిన్ సార్ లేరు. అయినా అందరికీ అర్థమైంది.

అనసూయ ఆడబిడ్డ ఒకావిడ, బాగా పెద్దావిడ, గోడకానుకుని వింది. "అంటె మా వదినె నిజమే జెప్పిందన్నట్టు" అంది, నాతో కాదు, తనలో తను. కాసేపటికి చేతిలో బీడీ ఆకు అక్కడే పడేసి ఎవరి వైపూ చూడకుండా అనసూయ వాకిట్లోకి వెళ్లింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను వినదగిన మాటలు కావు అవి.

తిరిగి వెళ్లేటప్పుడు అనసూయ నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. సరిత బస్టాండుదాకా వచ్చింది గానీ దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సు కదిలేటప్పుడు మాత్రం, "ఇగ గా కత ఎక్కడ్నన్న జెప్తే, మొత్తం చెప్పున్రి సార్" అంది.

అందుకే మీకు మొత్తం చెప్పాను. జగిత్యాలలో, కోరుట్లలో, ఇంకా ఎన్నో ఊళ్లలో నా నోట సగం కథ విని పొంగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లలో మీరూ ఉండవచ్చు. నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. నా గుండె ఇప్పుడు దడదడమని కొట్టుకుంటోంది. కానీ జారడం లేదు.

ఆ రోజు సిరిసిల్లలో అనసూయ కంటి ముందు నుంచి అట్ట తియ్యలేదు. అందులోంచి పొర తీసింది నేను.